‘కరిగిన మాత్ర ఒళ్ళంతా సమానంగా పాకుతుంది’: ఈ ప్రచారంలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

కొన్ని వారాలుగా నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల వాట్సాప్ గ్రూపుల్లో మందుల గురించిన ఒక సందేశం తిరుగుతోంది. రాసినవారి పేరు అందులో లేదు; ‘ఒక రిటైర్డు డాక్టరు గారు చెప్పిన నిజాలు’ అన్న శీర్షిక మాత్రం ఉంది. అందులోని వాదం క్లుప్తంగా ఇది: మాత్ర కడుపులో కరిగితే చాలు, రక్తంలో కలిసి ఒళ్ళంతా సమానంగా పాకుతుంది, కనుక ఎన్ని రకాల మాత్రలైనా కలిపి మింగవచ్చు, ఒకదాని జోలికి మరొకటి పోదు, కిడ్నీ ఒక జల్లెడ, నీళ్ళు బాగా తాగితే మిగిలిన మందంతా కొట్టుకుపోతుంది, ఏ భోజనంతో మింగినా తేడా లేదు, పళ్ళరసంతో అయితే ఇంకా త్వరగా ఎక్కుతుంది, మోతాదు రెట్టింపు చేస్తే పని రెట్టింపవుతుంది, ట్రాన్స్‌పోర్టర్లు అంటూ ఈమధ్య చెబుతున్నదంతా కంపెనీలు పుట్టించిన మాట, చివరగా, ఒకరికి పడిన మోతాదు అందరికీ పడుతుంది.

మందుల షాపు కౌంటరు వెనక నిలబడేవాణ్ణి కనుక ఆ సందేశం ఏం చేస్తోందో నాకు కళ్ళ ముందే కనబడుతోంది. పరగడుపున ఒకటి, టిఫిన్ తర్వాత ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి అని చీటీ మీద విడివిడిగా రాసిచ్చిన బిళ్ళలను చేతిలో పెట్టుకుని ‘ఇయ్యన్నీ ఒక్కసారే మింగినా ఒకటేనంట గదా అన్నా’ అని అడిగేవారు పెరిగారు. అడిగేవారితో చిక్కు లేదు, వారికి అక్కడే చెప్పి పంపవచ్చు. అడగకుండా మింగేవారి కోసం ఆ సందేశంలోని మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని జవాబు రాయవలసి వచ్చింది.

మొదటి మాటే మిగిలినవాటన్నిటికీ పునాది కనుక దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. కరిగిన మందు రక్తంలోకి చేరాలంటే ముందు చిన్న పేగు గోడలోని కణాలను దాటాలి. ప్రతి కణం చుట్టూ ఉండే పొర ప్రధానంగా కొవ్వు పదార్థంతో, రెండు వరసలుగా ఏర్పడింది. చిన్నవీ, కొవ్వులో కరిగేవీ అయిన అణువులు ఆ పొరను ఎవరి సాయమూ లేకుండా దాటిపోగలవు. సారా అలాగే దాటుతుంది, చాలా మందులు కూడా అధికభాగం అలాగే దాటుతాయి. ఆ మేరకు సందేశంలో నిజం ఉంది. అయితే విద్యుదావేశం ఉన్న అణువులకు, నీటినే అంటిపెట్టుకుని ఉండే అణువులకు ఆ దారి మూసుకుపోయినట్టే. వాటిని పట్టి ఇవతలి నుంచి అవతలికి చేర్చే ప్రొటీన్లు ఆ పొరలోనే ఇమిడి ఉంటాయి. వీటినే ట్రాన్స్‌పోర్టర్లు లేదా రవాణా ప్రొటీన్లు అంటారు. మనిషి జన్యువుల్లో వీటికి రెండు పెద్ద కుటుంబాలు ఉన్నాయి. ఎస్ఎల్‌సీ అనే కుటుంబంలో 400కు పైగా జన్యువులు, ఏబీసీ అనే కుటుంబంలో 48 జన్యువులు గుర్తించారు. మందుల వరకు చూస్తే మొదటి కుటుంబంలోనివి ఎక్కువగా కణంలోకి తెచ్చేవి. రెండో కుటుంబంలోనివి ఏటీపీ అనే అణువులోని శక్తిని ఖర్చుపెట్టి కణం నుంచి బయటికి తోసే పంపులు. ఆ ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరన్న సంగతి ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినదే.

మన జిల్లాల్లో చక్కెర వ్యాధి ఉన్న ఇల్లు లేని వీధి అరుదు కనుక మెట్‌ఫార్మిన్ బిళ్ళనే ఉదాహరణగా తీసుకుందాం. శరీరంలోని ఆమ్ల-క్షార స్థితిలో ఈ మందు ధనావేశంతో ఉంటుంది. కనుక కణపొరను తనంతట తాను దాటడం దానికి దాదాపు అసాధ్యం. పేగులో కొన్ని ట్రాన్స్‌పోర్టర్లు దాన్ని ఎక్కించుకుంటే, మింగినదాంట్లో సగానికి కాస్త పైగా మాత్రమే రక్తానికి చేరుతుంది. అక్కడి నుంచి కాలేయానికి వెళ్ళాక ఓసీటీ1 అనే ప్రొటీన్ దాన్ని కాలేయ కణాల్లోకి లాక్కుంటుంది. కాలేయం రక్తంలోకి వదిలే చక్కెరను తగ్గించడమే ఈ మందు ముఖ్యమైన పని కనుక, అది అక్కడ పోగుపడటం మనకు కావలసిందే. ఈ మందు శరీరంలో విరగదు, మారదు. వచ్చిన రూపంలోనే మూత్రంలో పోవాలి. అందుకు కిడ్నీలోని సన్నని నాళాల కణాలకు రెండు వైపులా రెండు రకాల ప్రొటీన్లు పనిచేస్తాయి: రక్తం వైపున ఓసీటీ2 దాన్ని కణంలోకి తీసుకుంటుంది, మూత్రం వైపున మేట్1, మేట్2-కే అనేవి దాన్ని బయటికి పంపుతాయి. ఒక్క బిళ్ళ ప్రయాణంలో ఇన్ని మజిలీలు ఉన్నప్పుడు, ఏ మజిలీలో ఎంత నిలుస్తుందో అక్కడి ప్రొటీన్లు నిర్ణయిస్తున్నప్పుడు, ‘ఒళ్ళంతా సమానంగా’ అన్న మాటకు అర్థమే లేదు.

మెదడు విషయంలో ఈ అసమానత మరింత స్పష్టంగా కనబడుతుంది. మెదడులోని రక్తనాళాల గోడల్లో పి-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఉంటుంది. 1976లో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు, కాల్చిసిన్ అనే మందుకు లొంగని చైనీస్ హామ్‌స్టర్ కణాల్లో దీన్ని గుర్తించారు. లోపలికి జొరబడిన మందును ఇది తిరిగి రక్తంలోకే నెట్టేస్తుంది. విరేచనాలు కట్టడానికి వాడే లోపరమైడ్ నిజానికి నల్లమందు జాతి మందుల వలె అవే గ్రాహకాల మీద పనిచేస్తుంది. అయినా సరైన మోతాదులో దానికి మత్తు లేదు. మెదడు గుమ్మంలో ఆ పంపు దాన్ని అడ్డుకోవడమే అందుకు ముఖ్య కారణం. క్వినిడిన్ అనే గుండె మందు ఆ పంపును ఆపుతుంది. ఆ రెండింటినీ ఆరోగ్యవంతులకు కలిపి ఇచ్చి చూసిన పరిశోధన 2000లో వెలువడింది. లోపరమైడ్ ఒక్కటే ఇచ్చినప్పుడు లేని శ్వాస మాంద్యం, రెండూ కలిసినప్పుడు కనిపించింది.

ఈ పంపు లేకపోతే ఏమవుతుందో ఎలుకలు ముందే చూపించాయి. 1994లో ఆమ్‌స్టర్‌డాం పరిశోధకులు ఆ జన్యువు లేని చిట్టెలుకలను తయారుచేశారు. గజ్జి పురుగు పోవడానికి వాటికి మామూలుగా చల్లే ఐవర్‌మెక్టిన్‌నే చల్లితే చాలా ఎలుకలు చనిపోయాయి. మామూలు ఎలుకలతో పోలిస్తే వాటి మెదడులో ఆ మందు సుమారు 90 రెట్లు చేరినట్టు తేలింది. కోలీ జాతి కుక్కల్లో కొన్నిటికి పుట్టుకతోనే ఈ జన్యువు చెడిపోయి ఉంటుందని, అందుకే అవి ఐవర్‌మెక్టిన్‌కు తట్టుకోలేవని 2001లో బయటపడింది. ఒకే మందు, ఒకే మోతాదు. మెదడులో తేడా 90 రెట్లు. జలుబుకు సీపీఎం బిళ్ళ వేసుకుంటే నిద్ర ముంచుకురావడానికి, ఫెక్సోఫెనడిన్ వేసుకుంటే అంతగా రాకపోవడానికి కూడా ఇదే ఒక ముఖ్య కారణం. రెండోదాన్ని ఈ పంపు మెదడులో నిలవనివ్వదు.

‘ఎన్ని మాత్రలైనా కలిపి మింగవచ్చు’ అన్నది సందేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. రెండు మందులకు ఒకే ట్రాన్స్‌పోర్టరు అవసరమైతే అవి పోటీ పడతాయి. ఒక మందు ఆ ట్రాన్స్‌పోర్టరును ఆపేస్తే రెండోది శరీరంలో పోగుపడుతుంది. ఒక మందు ఆ ట్రాన్స్‌పోర్టరు సంఖ్యను పెంచితే రెండోది చాలకుండా పోతుంది. ఈ మూడూ పుస్తకాల్లో మిగిలిపోయిన సంగతులు కావు, రోజూ చీటీల్లో కనబడేవే.

గుండె బలహీనతకు, గుండె లయ తప్పినప్పుడు వాడే డిగాక్సిన్‌ను చూడండి. పనిచేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య దీనికి ఉన్న ఎడం చాలా తక్కువ. బిళ్ళలో ఉండే మందే మిల్లీగ్రాములో పావు వంతు. దీన్ని పేగులోకి, మూత్రంలోకి నెట్టే పని పి-గ్లైకోప్రొటీన్‌ది. అమియోడరోన్, వెరాపమిల్ వంటి గుండె మందులు, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆ పంపును ఆపుతాయి. వాటిలో దేన్ని చేర్చినా డిగాక్సిన్ రక్తంలో పెరుగుతుంది. వాంతులు, కళ్ళకు పసుపుపచ్చగా కనబడటం, గుండె లయ దెబ్బతినడం దాకా పోవచ్చు. అందుకే అమియోడరోన్ మొదలుపెట్టేటప్పుడు డాక్టర్లు డిగాక్సిన్ మోతాదును సుమారు సగానికి తగ్గిస్తారు. దగ్గు తగ్గలేదని పక్క ఊళ్ళో మరో డాక్టరు దగ్గర క్లారిత్రోమైసిన్ రాయించుకుని వచ్చిన పెద్దాయన, తాను ఇప్పటికే మింగుతున్న చిన్న తెల్ల బిళ్ళ సంగతి అక్కడ చెప్పి ఉండడు. ఆ రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఒక్కోసారి మందుల షాపుకే దక్కుతుంది, అదీ ఆయన రెండూ ఒకే షాపులో కొంటేనే.

దీనికి ఎదురు తిరిగే ఉదాహరణ క్షయ మందు రిఫాంపిసిన్. మూత్రాన్ని నారింజ రంగుకు తిప్పే ఈ మందు, కొద్ది రోజులు వాడేసరికి పేగు గోడలో పి-గ్లైకోప్రొటీన్ తయారీని పెంచుతుంది. 1999లో వెలువడిన ఒక పరిశోధనలో, రిఫాంపిసిన్ వాడినవారి పేగు నుంచి చిన్న ముక్క తీసి చూస్తే ఆ పంపు సుమారు మూడున్నర రెట్లు పెరిగి ఉంది, వారు మింగిన డిగాక్సిన్ రక్తానికి చేరడం తగ్గింది. ఇక్కడ విషం కావడం కాదు, మందు మందుగా పనిచేయకపోవడం సమస్య. క్షయ మందు ఆపేశాక ఆ పంపులు మళ్ళీ పాత సంఖ్యకు తగ్గుతాయి. కనుక పెంచిన మోతాదును అప్పుడు తగ్గించకపోతే ముప్పు రెండో వైపు నుంచి వస్తుంది.

హెచ్ఐవీకి ఇప్పుడు మన దేశంలో మొదటి వరస మందుల్లో ఉన్న డొలుటెగ్రవిర్, పైన చెప్పిన ఓసీటీ2, మేట్1 ప్రొటీన్లను ఆపుతుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల డొలుటెగ్రవిర్‌తో కలిపినప్పుడు రక్తంలో మెట్‌ఫార్మిన్ సుమారు 79 శాతం పెరిగింది. కనుక ఆ రెండూ వాడేవారికి మెట్‌ఫార్మిన్‌ను రోజుకు 1000 మిల్లీగ్రాములకు మించనివ్వకూడదన్నది స్థిరపడిన సూచన. ఆ రెండు బిళ్ళలూ అవసరమే, రెండూ ఆపకూడదు, కానీ ‘ఒకదాని జోలికి మరొకటి పోదు’ అని నమ్మి మోతాదు సరిచూడకపోతే నష్టపోయేది రోగి.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో కీళ్ళు పట్టేసినవారూ, మోకాళ్ళ నొప్పులతో నెట్టుకొస్తున్న పొలం పనివారూ నొప్పి బిళ్ళలు విడవకుండా వాడటం మనకు తెలిసిందే. వారిలో కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ కూడా వాడేవారు ఉంటారు. సుబ్బారావు ఆధ్వర్యంలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చిన ఈ మందును కీళ్ళవాతానికి వారానికి ఒకసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని మూత్రంలోకి పంపే ఓఏటీ ప్రొటీన్ల దగ్గర నొప్పి బిళ్ళలు పోటీ పడతాయి, పైగా అవి కిడ్నీకి రక్తప్రవాహాన్ని కూడా తగ్గిస్తాయి. కీళ్ళవాతపు చిన్న మోతాదులో డాక్టర్లు రక్తపరీక్షలు చేయిస్తూ రెండూ కలిపి ఇస్తుంటారు. ఆ పరీక్షలు లేకుండా, కిడ్నీ పని అప్పటికే తగ్గినవారు సొంతంగా నొప్పి బిళ్ళలు పెంచుకుంటూ పోతే మాత్రం అది జూదమే.

ఇక ‘కిడ్నీ ఒక జల్లెడ’ అన్న మాట. కిడ్నీల్లో వడపోత ఉంది, నిజమే; రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం అక్కడ వడపోతకు గురవుతుంది, దాదాపు అంతా తిరిగి రక్తంలోకే వెళ్తుంది. కాని అది కిడ్నీ పనిలో ఒక భాగం మాత్రమే. వడపోత వేగం నిమిషానికి సుమారు 120 మిల్లీలీటర్లు కాగా, కిడ్నీలు నిమిషానికి సుమారు 500 మిల్లీలీటర్ల రక్తద్రవం నుంచి మెట్‌ఫార్మిన్‌ను తుడిచిపెట్టగలవు. జల్లెడ ఒక్కటే ఉంటే ఈ లెక్క కుదరదు. మిగిలినదంతా ట్రాన్స్‌పోర్టర్లు రక్తం నుంచి ఎంచి మూత్రంలోకి దించినదే.

పెన్సిలిన్ చరిత్ర కూడా ఈ మాటకే సాక్ష్యం. 1941లో ఇంగ్లండులో తొలి రోగికి ఇచ్చిన పెన్సిలిన్ గంటల్లోనే మూత్రంలో పోతుంటే, మందు కొరత వల్ల ఆ మూత్రం నుంచే దాన్ని తిరిగి తీసి వాడవలసి వచ్చింది. కిడ్నీలోని ఓఏటీ ప్రొటీన్లు పెన్సిలిన్‌ను అంత చురుగ్గా బయటికి పంపేవి. ఆ దారిని అడ్డుకుని పెన్సిలిన్‌ను రక్తంలో నిలబెట్టడానికే 1950 ప్రాంతంలో ప్రొబెనెసిడ్ అనే మందును తీసుకొచ్చారు. దానితో కలిపి ఇస్తే అదే మోతాదు ఎక్కువసేపు పనిచేసింది. రోగి తాగిన నీళ్ళలో మార్పేమీ లేదు.

కాళ్ళ వాపులకు వాడే ఫ్రూసెమైడ్‌ను, అంటే అందరూ లేసిక్స్ అని పిలిచే బిళ్ళను దగ్గరగా చూస్తే జల్లెడ వాదం ఎంత పొరపాటో తేలిపోతుంది. రక్తంలో ఈ మందు 95 శాతానికి పైగా ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుని ఉంటుంది; ఆల్బుమిన్ ఆరోగ్యవంతమైన కిడ్నీ వడపోతను దాటదు, దానికి అతుక్కున్న మందూ దాటదు. అయినా ఈ మందు పనిచేయవలసిన చోటు నాళం లోపలి వైపు, మూత్రం పారే వైపు ఉంది. అక్కడికి దాన్ని చేర్చేది నాళం గోడలోని ఓఏటీ ప్రొటీన్లే. అవి రక్తం వైపు నుంచి దాన్ని లాగుతాయి, మరికొన్ని పంపులు మూత్రం వైపు వదులుతాయి, అప్పుడది కిందికి జారి, ఉప్పును తిరిగి పీల్చే మరో రవాణా ప్రొటీన్‌ను మూసేస్తుంది; పీల్చని ఉప్పు వెంట నీరు బయటికి పోతుంది. కిడ్నీ జబ్బు ముదిరినవారిలో రక్తంలో పేరుకున్న ఆమ్ల వ్యర్థాలు అవే ఓఏటీల దగ్గర పోటీకి వస్తాయి. అలాంటివారికి డాక్టరు లేసిక్స్ మోతాదు పెంచడంలో ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆ రోగికి ‘నీళ్ళు బాగా తాగు, మందు కొట్టుకుపోతుంది’ అని చెప్పడం కంటే హానికరమైన సలహా ఊహించడం కష్టం. వాపులున్న మనిషికి నీళ్ళ కొలత కూడా డాక్టరే చెప్పాలి. నీళ్ళు ఉపయోగపడే సందర్భాలు లేకపోలేదు, ఆసుపత్రిలో మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో ఎక్కించేటప్పుడు సెలైన్ ఎక్కువగా ఇస్తారు. కాని అక్కడ కూడా ఉద్దేశం కిడ్నీ నాళాల్లో మందు గడ్డకట్టకుండా చూడటం.

పళ్ళరసం విషయానికి వస్తే, గూడూరు నిమ్మ, ఉదయగిరి వైపు బత్తాయి మనకు గర్వకారణాలే, మందు మింగడానికి మాత్రం మంచినీళ్ళే మేలు. అలర్జీకి వాడే ఫెక్సోఫెనడిన్‌ను పేగులో పీల్చుకోవడానికి ఓఏటీపీ అనే ట్రాన్స్‌పోర్టర్లు తోడ్పడతాయి. పంపరపనసకు దగ్గరి చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్, నారింజ, ఆపిల్ రసాలు వాటిని ఆపుతాయని పరీక్షల్లో తేలింది. రసంతో మింగినప్పుడు రక్తానికి చేరిన మందు మూడో వంతుకు పైగా తగ్గింది. ఆ మందు అమెరికా లేబుల్ మీదే నీళ్ళతో వేసుకోండి, పళ్ళరసంతో వద్దు అని రాసి ఉంటుంది. అదే గ్రేప్‌ఫ్రూట్ రసం కొవ్వు తగ్గించే సింవాస్టాటిన్ వంటి మందులను పేగులో విరగగొట్టే ఎంజైమును ఆపి, వాటిని రక్తంలో పెంచుతుంది. ఒక రసం ఒక మందును తగ్గించి, మరో మందును పెంచుతుంటే ‘తేడా లేదు’ అనడం ఎలా కుదురుతుంది? భోజనం సంగతీ అంతే. పార్కిన్సన్ వ్యాధికి వాడే లీవోడోపా, మాంసకృత్తులు అరిగితే వచ్చే అమినో ఆమ్లాలు ఎక్కే ట్రాన్స్‌పోర్టరునే ఎక్కి పేగునూ, మెదడు గోడనూ దాటుతుంది. చేపల పులుసుతో కడుపునిండా తిని వెంటనే ఆ బిళ్ళ వేసుకున్న పెద్దమనిషికి ఆ పూట చేతుల వణుకు తగ్గకపోతే తప్పు బిళ్ళది కాదు.

‘మోతాదు రెట్టింపు చేస్తే పని రెట్టింపు’ అన్నదానికి ఒక్క గాబాపెంటిన్ చాలు. నరాల నొప్పులకు విరివిగా రాస్తున్న ఈ మందు పేగులో ట్రాన్స్‌పోర్టరు ద్వారానే లోపలికి వస్తుంది. ఏటి రేవులో ఒడ్డున ఎంతమంది నిలబడినా పడవలో పట్టినంతమందే అవతలికి చేరినట్టు, ఈ ప్రొటీన్ కూడా ఒక హద్దు దాటి తీసుకుపోలేదు. రోజుకు 900 మిల్లీగ్రాములు మూడు విడతలుగా ఇస్తే 60 శాతం రక్తానికి చేరుతుంది. 2400 ఇస్తే 34 శాతం. 4800 ఇస్తే 27 శాతం. అంటే 900కు 540, 2400కు సుమారు 816 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టు. మింగినది రెండు రెట్లు దాటినా చేరినది ఒకటిన్నర రెట్లే. బయటికి పంపే దారిలో ఉన్న ట్రాన్స్‌పోర్టరు ఇలా నిండిపోతే ఫలితం తిరగబడుతుంది: మోతాదు కొంచెం పెంచినా రక్తంలో మందు అనుకున్నదానికి మించి పెరుగుతుంది.

ట్రాన్స్‌పోర్టర్లను కంపెనీలు పుట్టించాయన్న ఆరోపణకు జవాబు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉచితంగా దొరుకుతుంది. ఓఆర్ఎస్ పొట్లం వెనక చదవండి: లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. ఆ లెక్కలో సోడియం, గ్లూకోజ్ అణువులు సమానంగా, లీటరుకు 75 మిల్లీమోల్స్ చొప్పున ఉంటాయి. పేగులోని ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్ గ్లూకోజును సోడియంతో జతగానే లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వస్తుంది. ఈ జతకట్టే పద్ధతిని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. కలరాలో కూడా ఆ ప్రొటీన్ పనిచేస్తూనే ఉంటుంది కనుకనే 1971లో బెంగాల్ సరిహద్దులోని బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టరు దిలీప్ మహలనబిస్ నోటి ద్వారా తాగించిన ద్రావణం అన్ని ప్రాణాలు నిలబెట్టింది. ఏ కంపెనీ లాభం కోసం ఈ ప్రొటీన్‌ను పుట్టించిందో ఆ సందేశం రాసినవారే చెప్పాలి. నిజానికి ఈ విషయంలో కంపెనీలకు పని పెరిగింది, తగ్గలేదు. కొత్త మందు ఏ ట్రాన్స్‌పోర్టరు మీద ఎక్కుతుందో, దేన్ని ఆపుతుందో పరీక్షించి చూపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఖరారు చేసిన మార్గదర్శకాలు అడిగాయి. 2024లో అంతర్జాతీయ స్థాయిలో ఖరారైన ఐసీహెచ్ ఎం12 పత్రమూ అదే అడుగుతుంది.

ఈ రంగంలో నిజమైన వాదవివాదం ఒకటి ఉంది, దాన్ని దాచడం సబబు కాదు. మందులు కణంలోకి చేరడంలో ట్రాన్స్‌పోర్టర్లదే ప్రధాన పాత్ర అని 2008లో కొందరు శాస్త్రవేత్తలు గట్టిగా వాదించారు. కొవ్వు పొర గుండా నేరుగా దాటడం, ట్రాన్స్‌పోర్టరు సాయంతో దాటడం రెండూ పక్కపక్కనే సాగుతాయని 2010లో మరికొందరు జవాబిచ్చారు. ఏది ఎంత పాళ్ళన్న దాని మీదే ఆ చర్చ. ట్రాన్స్‌పోర్టర్లు ఉన్నాయా లేవా అన్నది ఎవరూ చర్చించడం లేదు.

మిగిలింది ‘ఒకరికి పడిన మోతాదు అందరికీ పడుతుంది’ అన్న మాట. మన ఊళ్ళలో బీపీ బిళ్ళ, కొవ్వు బిళ్ళ పక్కింటివారి దగ్గర అప్పు తెచ్చుకోవడం ఉన్నదే కనుక ఇది తేలిగ్గా తీసుకోవలసినది కాదు. స్టాటిన్ బిళ్ళలను కాలేయంలోకి చేర్చే ఓఏటీపీ1బీ1 ప్రొటీన్ జన్యువులో ఒక చిన్న అక్షర భేదం కొందరిలో పుట్టుకతో ఉంటుంది. అలాంటివారిలో మందు కాలేయంలోకి సరిగా వెళ్ళక రక్తంలో, కండరాల్లో ఎక్కువగా తిరుగుతుంది. రోజుకు 80 మిల్లీగ్రాముల సింవాస్టాటిన్ వాడినవారిపై 2008లో వెలువడిన పరిశోధనలో, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ భేదాన్ని పొందినవారికి కండరాలు దెబ్బతినే అవకాశం సుమారు 17 రెట్లు ఎక్కువగా తేలింది. ఆ మోతాదును కొత్తవారికి మొదలుపెట్టవద్దని 2011లో అమెరికా నియంత్రణ సంస్థ ఆదేశించింది. రోసువాస్టాటిన్‌ను బయటికి తోసే బీసీఆర్‌పీ అనే పంపులోనూ ఇలాంటి భేదమే ఉంది, అది ఆసియావారిలో ఎక్కువ. భారతీయ మూలాల వారితో సహా ఆసియావారి రక్తంలో రోసువాస్టాటిన్ తెల్లవారితో పోలిస్తే సుమారు రెట్టింపు చేరుతుందని చెబుతూ, 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని అమెరికా లేబుల్ సూచిస్తుంది. కిడ్నీ మార్పిడి తర్వాత సైక్లోస్పోరిన్ వాడేవారిలో, ఓఏటీపీ1బీ1 ఆగిపోవడం వల్ల రోసువాస్టాటిన్ సుమారు 7 రెట్లు పెరుగుతుంది. వారికి ఆ 5 మిల్లీగ్రాములే గరిష్ఠ మోతాదు. పక్కింటి వారి పెట్టెలో ఉన్నది 20 మిల్లీగ్రాముల బిళ్ళ కావచ్చు.